మనోళ్లు ఎవరైనా ఆడుతున్నారా?

2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్‌కి వచ్చి వెళ్లినప్పటి నుంచి మా స్కూల్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకటే పాట. హైదరాబాద్ మళ్లీ ఫుట్‌బాల్ సిటీ అయిపోయిందట. ఆ పొద్దున కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో మెస్సీ సరిగా కనిపించలేదని జనం సీసాలు, కుర్చీలు విసిరితే, సాయంత్రం మన దగ్గర అంతా సాఫీగా సాగింది కాబట్టి ఇక ఫుట్‌బాల్ ఎట్లా చూడాలో వాళ్లకు మనమే నేర్పాలన్నంత దూరం పోయింది చర్చ. ముఖ్యమంత్రి బూట్లు వేసుకుని దిగారు, మెస్సీ క్లబ్‌లో తోటి ఆటగాళ్లు సువారెజ్, డి పాల్ వచ్చారు, పిల్లలతో కాసేపు బంతి ఆడారు, లైట్లు, పాటలు. చూసినవాళ్లు సంతోషపడ్డారు, వాళ్ల సంతోషం చెడగొట్టాలని నాకేం లేదు. కాకపోతే ఆ గ్రూపులో అంత హుషారుగా మెసేజ్‌లు పెట్టినవాళ్లలో చాలామందికి, ఏడాది కిందట అదే నగరంలో మన దేశం జట్టు ఒక అసలైన అంతర్జాతీయ మ్యాచ్ ఆడిందన్న సంగతే తెలియదు. 2024 నవంబర్ 18, సోమవారం, గచ్చిబౌలిలో భారత్–మలేసియా. నేను హనుమకొండ నుంచి పోయి చూశాను.

అప్పటి నుంచి మనసులో నలుగుతున్న మాట ఇప్పుడు రాసేస్తున్నా. ఆట బాగుంటుందని స్టేడియానికి పోయేవాళ్లు చాలా తక్కువమంది. జనం తమవాళ్లను చూడ్డానికి పోతారు. మనవాళ్లంటూ ఎవరూ లేని మ్యాచ్‌లు ఎన్ని తెచ్చి పెట్టినా ఊరికి ఆ ఆట అంటుకోదు. దీనికి ఎదురు వాదనలు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి రెండు నన్ను బాగానే ఇబ్బంది పెట్టాయి, వాటి దగ్గరికి వస్తాను.

గచ్చిబౌలిలో ఆ సాయంత్రం

ఉప్పల్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రోలో రాయదుర్గం, ఆ తర్వాత ఆటో. కాజీపేటలో నాతో చదువుకున్న దోస్తు ఒకడు అక్కడే సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడు, వాడే టికెట్లు తీశాడు. గేటు దగ్గర నీళ్ల సీసా, పవర్ బ్యాంకు తీసి పక్కన పెట్టించి లోపలికి పంపారు.

టీవీలో ఫుట్‌బాల్ చూసి అలవాటైనవాళ్లకి గచ్చిబౌలి స్టేడియంలో మొదటి పది నిమిషాలు అయోమయంగానే ఉంటుంది. అది అథ్లెటిక్స్ కోసం కట్టింది, మైదానం చుట్టూ పరుగు ట్రాక్ ఉంటుంది, దాని అవతల మనం. ఎదురు వైపు సైడ్‌లైన్ దగ్గర ఆడుతున్నది ఎవరో నంబరు చూసి చెప్పడం కూడా కష్టమే. 19వ నిమిషంలో మలేసియా వాళ్లు పొడుగ్గా బంతి వేశారు, మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ బాక్సు వదిలి చాలా ముందుకొచ్చాడు, బంతి అందలేదు, పావులో జోసువే ఖాళీ గోల్‌లోకి తోసేశాడు. ఏం జరిగిందో మా స్టాండ్‌లో సగం మందికి అర్థం కాలేదు. ఆఫ్‌సైడేమో అని కాసేపు ఎదురు చూశాం. నా దోస్తు జేబులోంచి ఫోన్ తీసి, కళ్ల ముందు పడిన గోల్ ఎట్లా పడిందో అందులో వెతుక్కున్నాడు. 39వ నిమిషంలో బ్రాండన్ కొట్టిన కార్నర్‌కి రాహుల్ భేకే తల పెట్టాడు, 1–1. అప్పుడు మాత్రం అందరం లేచాం. రెండో సగంలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, స్కోరు అట్లాగే ఉండిపోయింది. గాయం నుంచి కోలుకుని డిఫెండర్ సందేశ్ ఝింగన్ చాలా కాలానికి తిరిగొచ్చాడు, అదొక్కటి ఊరట. 2024 మొత్తంలో మన మగవాళ్ల జట్టుకి ఒక్క గెలుపూ లేదు, ఆ ఏడాది చివరి మ్యాచ్ అది.

ఆట కంటే నాకు బాగా గుర్తుండిపోయింది స్టాండ్. మా వెనక వరుసలో మలయాళీ కుర్రాళ్లు. బంతి ఎవరి కాలికి తగిలినా వాళ్లు పేరు పెట్టి పిలుస్తున్నారు, ఎవడు ఏ క్లబ్‌కి ఆడతాడో, పోయిన వారం ఎట్లా ఆడాడో అన్నీ వాళ్ల నోటి మీద ఉన్నాయి. కొంచెం పక్కన ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులు, వాళ్లదీ అదే తీరు. మా వరుసలో తెలుగువాళ్లం మాత్రం పెళ్లికి ఆడపిల్లవాళ్ల తరఫునో మగపిల్లవాడి తరఫునో తెలియకుండా వచ్చి కూర్చున్న చుట్టాల్లా ఉన్నాం. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో వెనక వాళ్లను చూసి కొడుతున్నాం.

నా పక్క సీట్లో ఒకాయన ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చాడు. పెద్దోడికి పదేళ్లుంటాయేమో. హాఫ్‌టైంలో పాప్‌కార్న్ తింటూ వాళ్ల నాన్నను అడిగాడు: "డాడీ, మనోళ్లు ఎవరన్నా ఆడుతున్నరా?"

"అందరు మనోళ్లే కదరా, ఇండియా."

"అట్ల కాదు డాడీ. మన తెలంగాణోళ్లు."

ఆయన నా వైపు చూశాడు, నేను నా దోస్తు వైపు చూశాను. వాడు నవ్వాపుకుంటూ, "మనోళ్లు ఎవ్వరు లేరు గని మనోలో ఉన్నడు" అన్నాడు. కోచ్ మనోలో మార్కెజ్ గురించి. స్పెయిన్ ఆయన. హైదరాబాద్ క్లబ్‌కి కోచ్‌గా ఉండి లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు కాబట్టి ఆ సాయంత్రం మైదానం మీద మన ఊరితో సంబంధమున్న మనిషి నిజంగా ఆయనే. ఒకప్పుడు ఈ నగరం దేశానికి కోచ్‌నీ ఆటగాళ్లనీ కలిపి ఇచ్చింది. కోచ్ రహీమ్ సాబ్ హైదరాబాద్ పోలీస్ జట్టుని తయారు చేసిన చేత్తోనే భారత్ జట్టుని తయారు చేశాడు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం. ఆ కథ అందరూ చెప్పేదే, ఇక్కడ మళ్లీ చెప్పను.

రాత్రి ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కితే పక్క సీట్లో అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న తమ్ముడొకడు దొరికాడు. ఆ రోజే గ్రూప్–3 ఆఖరి పేపరు. "అన్నా, నువ్వు గూడ ఎగ్జామ్ రాసొస్తున్నవా?" అన్నాడు. మ్యాచ్ చూసొస్తున్నా అన్నాను. "ఇయ్యాల మ్యాచ్ లేదు గదన్నా?" అన్నాడు. ఫుట్‌బాల్ అని చెప్పాక కూడా కాసేపు నమ్మలేదు. కరెంట్ అఫైర్స్ కంఠతా పట్టిన పిల్లవాడు.

పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది

2019లో పుణె జట్టు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి దేశపు పెద్ద లీగ్ ఐఎస్‌ఎల్ గెలిచింది. కొవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే ఆడించారు కాబట్టి మన ఊరి జట్టు చాంపియన్ అయిన ఏడాది మన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఆ తర్వాత డబ్బు కష్టాలు మొదలై, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి, చివరికి 2025లో జట్టుని ఢిల్లీకి మార్చి పేరు కూడా మార్చేశారు.

ఇప్పుడు చెప్పండి, ఆ రోజు హైదరాబాద్‌లో ఎవరైనా రోడ్డెక్కారా? ఒక ధర్నా, ఒక ర్యాలీ? నాకైతే కనబడలేదు. కొద్దిమంది అభిమానులు ఎక్స్‌లో బాధపడ్డారు, అంతే. బ్లాస్టర్స్‌ని కొచ్చి నుంచి ఎత్తుకుపోతామంటే ఊరుకుంటారా మలయాళీలు? కాబట్టి మెస్సీ వచ్చిన డిసెంబర్‌లో మన నగరానికి దేశపు పెద్ద లీగ్‌లో సొంత జట్టు లేదు. ఆ లీగ్ కూడా అప్పటికి మొదలే కాలేదనుకోండి, 2026 ఫిబ్రవరి 14 నుంచి అని జనవరి మొదట్లో ప్రకటించారు.

ఢిల్లీకి పోగొట్టుకోవడం మనకు కొత్త కూడా కాదు. 2008లో ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ హైదరాబాద్‌లో పెట్టారు, వానలకు మైదానం పాడైతే ఫైనల్‌ని ఢిల్లీకి తీసుకెళ్లారు, అక్కడ సునీల్ ఛెత్రి హ్యాట్రిక్ కొట్టి తజికిస్తాన్‌ని 4–1తో ఓడించాడు. మన కళ్ల ముందు జరగాల్సిన ముచ్చట అది.

హైదరాబాద్‌లోనే ఇంకో క్లబ్ శ్రీనిధి డెక్కన్ ఉంది కదా అంటారు తెలిసినవాళ్లు. ఉంది. ఐఎస్‌ఎల్ కింది మెట్టు ఐ–లీగ్‌లో వరసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది, సొంత మైదానం కట్టుకుంది, నాకు గౌరవమే. కానీ వాళ్ల ఆటగాళ్లలో ఇద్దరి పేర్లు చెప్పమని హనుమకొండ చౌరస్తాలో అడిగి చూడండి. తప్పు జనానిదా, జట్టుదా అంటే నేను జనం వైపే ఉంటాను. పరిచయం చేయకుండా ప్రేమించమంటే ఎట్లా?

రంజీకి ఎవడు పోతడురా?

ఇక ఎదురు వాదన. ఆ రాత్రి రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర నా దోస్తు అన్నదే గట్టిది. "అరేయ్, నువ్వు చెప్పేది ఉత్త ముచ్చట. మనోళ్లు ఉంటెనే పోతరంటవ్. రంజీ మ్యాచ్‌ల అందరు మన హైదరాబాదోళ్లే ఆడుతరు గద, దానికి ఎవడు పోతడురా? ఫ్రీగ రమ్మన్నా పోరు. అదే ఐపీఎల్‌కి కమిన్స్, హెడ్ ఆడుతరు, వాళ్లు నీ మేనమామ కొడుకులా? ఉప్పల్ ఎట్ల నిండుతది?"

దీనికి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. మెస్సీ సంగతీ ఇదే కదా, ఆయన రొసారియోలో పుట్టాడు, రాయపర్తిలో కాదు, అయినా వేల రూపాయలు పెట్టి టికెట్ కొన్నారు. చాలా రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. మనవాడు కావడానికి మన ఊళ్లో పుట్టనక్కర్లేదు. ఏళ్ల తరబడి రోజూ కనబడాలి. మెస్సీ మా హనుమకొండ పిల్లల ఫోన్లలో పదిహేనేళ్లుగా ఉంటున్నాడు. 2022 వరల్డ్ కప్ ఫైనల్ రాత్రి అర్జెంటీనా గెలిస్తే మా వీధిలో పటాకులు కాల్చారు, ఆ పిల్లలెవరికీ ఆ దేశం మ్యాప్‌లో ఎక్కడుందో తెలియదు. కమిన్స్ అయినా అంతే, రెండు నెలలు రోజూ రాత్రి భోజనాల వేళ మన ఇంట్లోకి వచ్చి కూర్చుంటాడు. రంజీ ఆటగాడు ఎప్పుడు కనబడ్డాడు మనకి? పనిరోజు పొద్దున తొమ్మిదిన్నరకి మొదలై నాలుగు రోజులు సాగే ఆట, ఎవరికి కుదురుతుంది? మన రక్తమైతే చాలని నేను అనను. రక్తమైనా ఉండాలి, రోజువారీ పరిచయమైనా ఉండాలి. భారత ఫుట్‌బాల్ జట్టుకి మన దగ్గర రెండూ లేవు. ఇంటర్ కాంటినెంటల్ కప్ అని 2024 సెప్టెంబర్‌లో ఆ జట్టు హైదరాబాద్ వచ్చింది, మారిషస్‌తో 0–0, సిరియాతో 0–3, రెండు నెలలకు మలేసియాతో 1–1, మళ్లీ కనబడలేదు. ఏడాదికోసారి వచ్చే చుట్టం పేరు పిల్లలకి గుర్తుంటుందా?

మా వాడు ఒప్పుకోలేదు. ఒప్పుకోడు కూడా. అయితే ఆ ఏడాది డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ అదే గచ్చిబౌలిలో జరిగితే వాడే పోయి చూసి రాత్రి ఫోన్ చేశాడు. కేరళ–బెంగాల్, ఆఖరి నిమిషాల్లో రాబీ హన్స్‌దా గోల్‌తో బెంగాల్ గెలిచింది. "మొత్తం మలయాళీలేరా, సొంతూర్ల ఉన్నట్టే ఉండె" అన్నాడు. న్యూ ఇయర్ రాత్రి, పరాయి ఊళ్లో, రాష్ట్రాల స్థాయి మ్యాచ్‌కి. నా వాదనకి వాడే సాక్ష్యం చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ట్రాక్టర్ ట్రాలీ గ్యాలరీ

మనవాళ్లకి ఆటలు చూసే అలవాటు లేదు అనేవాళ్లు మొన్న సంక్రాంతికి మా అత్తగారి ఊరు, పరకాల వైపు, వచ్చి ఉండాల్సింది. మండల స్థాయి కబడ్డీ. డిసెంబర్‌లోనే ఎన్నికలు అయ్యాయి కాబట్టి కొత్త సర్పంచ్ మొదటి బహుమతి తనే ఇస్తానన్నాడు, ఓడినాయన ఊరుకుంటాడా, రెండో బహుమతి ఆయన. బడి గ్రౌండులో మట్టి తవ్వి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీశారు. మూడు ట్రాక్టర్ ట్రాలీలు వరసగా నిలబెడితే అదే గ్యాలరీ, పక్కిళ్ల డాబాల మీద ఆడవాళ్లు. మైకు పట్టుకున్నాయన ప్రతి రైడర్‌కీ ఇంటి పేరు, తండ్రి పేరు, ఎవరి అల్లుడో కూడా చెబుతున్నాడు. రాత్రి ఒంటిగంటకి కూడా మంకీ క్యాపులు పెట్టుకుని జనం కదల్లేదు. మా మామయ్యకి మోకాళ్ల నొప్పులు, గుడికి కూడా కుర్చీ వేయించుకుంటాడు, ఆ రాత్రి సెమీఫైనల్ అయ్యేదాకా నిలబడే ఉన్నాడు, ఎందుకంటే ఆడుతున్నది ఆయన పాలేరు కొడుకు. ఆట నాణ్యత గురించి అడిగితే చెప్పలేను. టీవీలో ప్రో కబడ్డీ చూసేవాడికి నవ్వొస్తుంది.

ఫుట్‌బాల్‌కీ ఇది మన దగ్గర లేనిదేం కాదు. గోదావరిఖనిలో బొగ్గుబాయి పని చేసి రిటైరైన మా మేనమామ ఇప్పటికీ చెబుతాడు, ఏరియాల మధ్య పోటీలంటే ఫస్ట్ షిఫ్టు దిగి స్నానం కూడా చేయకుండా గ్రౌండుకి పోయేవాళ్లమని, గనిలోకి దిగే దారిలో (మ్యాన్‌వే) తన పక్కన నడిచే మనిషి సాయంత్రం బ్యాక్ ఆడుతుంటే చూడకుండా ఎట్లా ఉంటామని. కాజీపేట రైల్వే గ్రౌండులో, ఫాతిమానగర్‌లో మా చిన్నప్పుడు సాయంత్రాలు బంతి చప్పుడు వినబడేది. అప్పుడు ఆడినవాళ్లెవరూ దేశానికి ఆడలేదు. చూసినవాళ్లకి ఆ లోటు కనిపించలేదు.

భారత్–మారిషస్ మ్యాచ్‌కి నేను పోలేదు. ఆ ముందు రెండు రోజుల వానలకి ఇంటికన్నె–కేసముద్రం మధ్య పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, మా జిల్లాలో ఎవరికీ ఆటలు గుర్తొచ్చే పరిస్థితి లేదు. అదే రాత్రి, 2024 సెప్టెంబర్ 3న, పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పరుగెత్తింది. అంత బురదలో, కరెంటు వస్తూ పోతూ ఉంటే, మా వీధిలో మేలుకుని చూశారు. పారా అథ్లెటిక్స్ ఎవరైనా అంతకుముందు చూశారా? నియమాలు తెలుసా? కల్లెడ తెలుసు, అంతే. కాంస్యం వచ్చిందనగానే మా పక్కింటి అవ్వ "మన పర్వతగిరి దిక్కు పిల్లనే గదా" అని మూడుసార్లు అడిగి నిర్ధారణ చేసుకుంది.

ఆడవాళ్ల జట్టుని తీసుకురండి

ఇంతా రాసి, అయితే ఏం చేయాలంటావు అంటే, నాకు అకాడమీలు, పాలసీల గురించి మాట్లాడే అర్హత లేదు. ఒకే ఒక్క కోరిక ఉంది.

గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన అమ్మాయి. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి ఆడింది. ఈస్ట్ బెంగాల్ 2024–25లో మహిళల లీగ్ గెలిస్తే ఆ జట్టులో ముఖ్యమైన ఆటగత్తె, ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణిగా ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ అవార్డు ఇచ్చింది. మగవాళ్ల జట్టు 2027 ఆసియా కప్‌కి అర్హత సాధించలేక హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్ చేతుల్లో ఓడిన ఏడాదే, ఆడవాళ్లు 2025 జులై 5న థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2–1తో ఓడించి ఆసియా కప్‌కి పోయారు, క్వాలిఫయర్లు గెలిచి పోవడం వాళ్లకి ఇదే మొదటిసారి. అయినా హైదరాబాద్‌కి అంతర్జాతీయ ఫుట్‌బాల్ అనగానే మనకి మగవాళ్ల జట్టే గుర్తొస్తుంది.

జనం రారంటారు. ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కి కొచ్చిలోనే రారు, గచ్చిబౌలిలో వస్తారా అని. రావొచ్చు, రాకపోవచ్చు, నేను రాసి ఇవ్వలేను. కానీ బాక్సర్ నిఖత్ జరీన్ గెలిచొస్తే నిజామాబాద్ ఎట్లా ఊగిందో చూసినవాణ్ని. సౌమ్య పేరుతో ఒక్క పోస్టర్ వేసి, నిజామాబాద్, కామారెడ్డి, ఆర్మూర్ నుంచి ఆర్టీసీ స్పెషల్ బస్సులు పెట్టి, గురుకులాల ఆడపిల్లలకి టికెట్లు ఫ్రీ అని చెప్పి చూడండి. కావాలంటే గచ్చిబౌలి వద్దు, 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన మా హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ప్రాక్టీస్ మ్యాచ్ అయినా పెట్టండి. అక్కడా ట్రాక్ అడ్డం ఉంటుంది, నంబర్లు కనబడవు, ఫర్వాలేదు, పదో వరుసలో కూర్చున్న తండా అవ్వకి తమ పిల్ల నడక చూస్తే తెలుస్తుంది.

2026 మార్చిలో ఆస్ట్రేలియాలో ఆడవాళ్ల ఆసియా కప్, జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ ఉన్న గ్రూపు, తేలిక కాదు. అది అయిపోయాక జట్టు ఎలాగూ తిరిగొస్తుంది. ఒక ఫ్రెండ్లీ వేయండి. ఎదురు జట్టు నేపాల్ అయినా సరే, బంగ్లాదేశ్ అయినా సరే. సోమవారం మాత్రం పెట్టకండి, మాకు మళ్లీ లీవు దొరకదు.